అద్దెకున్నావిడ

ఇల్లు ఖాళీ చెయ్యమని నోటీసు వచ్చేసరికి టైలరమ్మ ఎవరో బ్యాంకు మేనేజరు ప్యాంటు నడుము వదులు చేస్తోంది. పోస్టుమ్యాన్ సంతకం పెట్టించుకుని కవరు చేతిలో పెట్టి వెళ్ళాడు. విప్పి చదివింది. చదివినంతసేపూ పెదాల మధ్య గుండుసూదులు అలాగే ఉన్నాయి. వాటిని మింగకపోవడం ఆమె అదృష్టమే.

'మా కక్షిదారు అక్కగారు ఇటీవల కాలం చేసినందున సదరు ఇంటికి వారే ఏకైక వారసులు. తమరు సదరు ఇంట్లో ముందు గదిలోనూ, దాని వెనక గదిలోనూ అద్దెకున్నారు. కావున గడువులోగా ఖాళీ చేసి స్వాధీనపరచగలరు.' ఇలా సాగింది ఆ లాయరు భాష.

సదరు అద్దెదారు ఆ ఇంట్లో పాతికేళ్ళ పైమాటే ఉంటోంది. వంటింటి గట్టు ఆమె మోచేతికి అందేలా కట్టించిందే. పడకగదిలో కిటికీ వైపు మంచం ఆమెది, తలుపు వైపు ఆ పోయిన అక్కగారిది, అంటే పెద్దనర్సుది, ఏ వేళప్పుడైనా ఆస్పత్రి నుంచి కబురొస్తే లేచి వెళ్ళాల్సింది పెద్దనర్సే కాబట్టి. నాన్చడమెందుకు, చెప్పేస్తే ఓ పని అయిపోతుంది. వాళ్ళిద్దరూ కాపురం చేశారు. ఇందులో మొగుడెవరు, పెళ్ళామెవరు అని అడిగే పెద్దమనుషులు ఎప్పుడూ ఉంటారు గనక వాళ్ళకీ ఒక జవాబు: ఇద్దరూ పెళ్ళాలే. అందుకే ఆ ఇంట్లో పని ఎవరు చెయ్యాలన్న గొడవ ఏనాడూ రాలేదు. ఎలా చెయ్యాలన్న గొడవ మాత్రం రోజూ ఉండేది.

మరి ఈ అద్దె మాట ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, వాళ్ళే తెచ్చుకున్నారు.

మొదట్లో ఇద్దరూ ఒక వాటాలో ఉండేవాళ్ళు. ఆ ఇంటావిడ మంచిదే. మంచివాళ్ళకి తీరిక ఎక్కువ. "ఆవిడ మీకేమవుతుందమ్మా?" అని పెద్దనర్సుని అడిగింది. స్నేహితురాలంది పెద్దనర్సు. "ఇద్దరికీ పెళ్ళి కాలేదా? ఒక్కళ్ళకీ కాలేదా?" అని ముక్కున వేలేసుకుంది. నెల తిరక్కుండానే ఆవిడ కొడుక్కి ఆ వాటా అవసరమైంది. సామాను రిక్షాలో వేసుకుని వస్తూ పెద్దనర్సు ఒకటే మాటంది. "ఇకనుంచి మనల్ని ఎవరూ ఏమీ అడక్కూడదు. అడిగేలోగానే జవాబు మన దగ్గర తయారుగా ఉండాలి."

ఆ తరవాత సొంతిల్లు కొన్నారు. లోను పెద్దనర్సు జీతం మీద, మిగతాది టైలరమ్మ కూడబెట్టుకున్నదంతా. ఇద్దరి పేరా రాయించుకుందామని టైలరమ్మ ఆశపడింది. "రిజిస్ట్రారు ఆఫీసులో 'మీరిద్దరూ ఏమవుతారు' అంటాడు. ఏం చెప్తావ్?" అంది పెద్దనర్సు. ఇల్లు పెద్దనర్సు ఒక్కదాని పేరు మీదే రాశారు. రెండో మనిషి ఆ ఇంట్లో ఎందుకుందో లోకానికి చెప్పడానికి అద్దె ఒప్పందం రాసుకున్నారు.

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. పెద్దనర్సు అతికించడంలో ఆస్పత్రి మనిషి. ఏ రోగికి ఏ మందు ఎప్పుడిచ్చారో రాసిపెట్టే చెయ్యి అది. ఒప్పందం యేటా కొత్తది రాయించేది. ప్రతి నెలా అద్దె పుచ్చుకున్నట్టు రసీదు రాసేది. టైలరమ్మతో సంతకం పెట్టించేది. ఆ అద్దె సాయంత్రానికి కూరల సంచీలోకి తిరిగొచ్చేదనుకోండి, అది వేరే సంగతి. వెనక గదిలో ఒక మంచం వేసి, దుప్పటి పరిచి, దిండు పక్కన టైలరమ్మ పాత కళ్ళజోడొకటి పెట్టింది. ఎవరైనా వస్తే ఆ గది తలుపు కాస్త తీసి ఉంచేది. చూసినవాళ్ళు చూసుకోవాలి మరి. పెద్దనర్సు మరీ చాదస్తం మీదుంటే టైలరమ్మ "ఓనరుగారూ, పంపు కారుతోంది, బాగు చేయించండి, లేకపోతే అద్దె ఇవ్వను" అనేది. ఇద్దరూ పడీ పడీ నవ్వుకునేవాళ్ళు. నవ్వు బాగానే ఉండేది. పాతికేళ్ళు నవ్వుకున్నారు.

పెద్దనర్సు గుండె పట్టుకుని పడిపోయిన రోజున టైలరమ్మే ఆటోలో వేసుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. పెద్దనర్సు పనిచేసి రిటైరైన ఆస్పత్రే. ఎమర్జెన్సీ తలుపు దగ్గర కొత్తగా వచ్చిన నర్సు పిల్ల ఫారం పట్టుకుని నిలబడింది.

"పేషెంటుకి మీరేమవుతారండీ?"

అక్కడ చెప్పిందండీ టైలరమ్మ. ఎవరూ బలవంతపెట్టలేదు. బుర్ర పనిచెయ్యడం లేదు. బుర్ర పని చెయ్యనప్పుడు నోరు తనకి అలవాటైన మాటే పలుకుతుంది.

"వాళ్ళింట్లో అద్దెకుంటానమ్మా" అంది.

"అయితే బయట కూర్చోండి. వాళ్ళవాళ్ళకి ఫోన్ చేస్తాం" అంది ఆ పిల్ల, మర్యాదగానే.

పెద్దనర్సు తమ్ముడొచ్చాడు. టైల్సు షాపు మూసేసి పరుగున వచ్చాడు. లోపలికెళ్ళాడు. వెంటిలేటరు పెట్టాలో వద్దో అతన్నడిగారు. ఎంతసేపు చూడాలో అతన్నడిగారు. టైలరమ్మ వరండాలో ఇనప కుర్చీలో కూర్చుని, తలుపు తెరుచుకున్నప్పుడల్లా లేచి నిలబడింది. ఆఖరికి తమ్ముడు బయటికొచ్చి తల అడ్డంగా ఊపాడు. అప్పుడు లోపలికెళ్ళి చూసుకోనిచ్చారు, మిగతా ఇరుగుపొరుగుతో కలిపి.

నోటీసు పట్టుకుని టైలరమ్మ లాయరమ్మ దగ్గరికెళ్ళింది. లాయరమ్మ నల్లకోట్లు కుట్టింది ఈవిడే. ఆ చనువు ఉంది. లాయరమ్మ ఆఫీసు ఒక ఫోటోస్టాట్ షాపు పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్ళాలి. గదినిండా ఫైళ్ళు, ఒక కుర్చీలో కూడా ఫైళ్ళే. వాటిని దింపి టైలరమ్మని కూర్చోబెట్టింది.

"వీలునామా ఉందన్నారుగా?" అంది.

ఉంది. పెద్దనర్సు రిటైరయ్యేముందే రాసింది. ఇల్లు టైలరమ్మకే. సాక్షులుగా ఆస్పత్రి సూపరింటెండెంటూ, ఇంకో డాక్టరూ సంతకాలు పెట్టారు. లాయరమ్మ చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది.

"'నా ఇంట్లో చిరకాలంగా అద్దెకుంటూ నా మంచిచెడ్డలు చూసుకుంటున్న' అని ఉందేమిటమ్మా ఇందులో?"

"నేనూ అదే అడిగాను. సాక్షి సంతకం పెట్టేది మా సూపరింటెండెంటు, ఆయన చదవకుండా పెట్టడు, మరేం రాయమంటావని నన్నే ఎదురడిగింది."

లాయరమ్మ కలం మూత పెట్టింది. "వీలునామా మంచిదే. సంతకాలు సరిగ్గానే ఉన్నాయి. కానీ వాళ్ళడిగే ప్రశ్న ఒకటే. సొంత తమ్ముణ్ణి కాదని అద్దెకున్నావిడకి ఇల్లెందుకు రాస్తుంది? గుండెజబ్బు మనిషి. మందులు మీ చేతిలో, తిండి మీ చేతిలో. భయపెట్టి రాయించుకున్నారంటారు. దానికి మన జవాబేమిటి?"

"ఆవిడ ఇష్టపడి రాసింది."

"ఎందుకు ఇష్టపడింది?"

టైలరమ్మ కొంగు చివర దారం లాగుతూ కూర్చుంది.

"అమ్మా, వైద్యుడి దగ్గరా వకీలు దగ్గరా దాస్తే నష్టం మీకే. నా కోటు కొలతలు తీసుకునేటప్పుడు నేను పొట్ట లోపలికి బిగబట్టానా, మీరేమన్నారు? గాలి వదలండమ్మా, లేకపోతే కోటు మీది కాదు, ఇంకెవరిదో అవుతుందన్నారు. ఇప్పుడు మీరు వదలండి."

ఆ మాటని టైలరమ్మ జీవితంలో ఎవరితోనూ అనలేదు. అసలు ఆ మాటేమిటో కూడా ఆమెకి తెలియదు. మొగుడికి మాట ఉంది, పెళ్ళానికి ఉంది, ఉంచుకున్నదానికి సైతం ఉంది. తనకి సరిపోయే మాట తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది.

"మేమిద్దరం కలిసి బతికామండీ."

"స్నేహితుల్లాగానా?"

"కాదు."

"ఊఁ" అంది లాయరమ్మ. ఆశ్చర్యపోలేదు. అది చూసి టైలరమ్మకే ఆశ్చర్యం వేసింది. "మీలాంటివాళ్ళ పెళ్ళి మన చట్టానికి పట్టదు. అందుకే మిగతావాళ్ళ కంటే మీరే కాగితాలు గట్టిగా చూసుకోవాలి. మీరు చూసుకున్నారు, కాదనను, తిరగేసి చూసుకున్నారు. సరే, ఈ మాట జడ్జిగారి ముందు చెప్పాలి. చెప్తే చాలదు, నమ్మించాలి. ఫోటోలున్నాయా ఇద్దరివీ?"

ఉన్నాయి. ప్రతి ఫోటోలోనూ ఇద్దరి మధ్యా మూడో మనిషెవరో ఉంటారు. పెద్దనర్సు జాగ్రత్త అది.

"ఉత్తరాలు?"

"ట్రైనింగుకెళ్ళినప్పుడు రాసింది. వచ్చాక తనే చింపేసింది."

"బ్యాంకు ఖాతా?"

"ఎవరిది వాళ్ళదే."

"ఆవిడ బీరువాలోంచి తమ్ముడు పట్టుకెళ్ళిన పాతికేళ్ళ రసీదులు వాళ్ళ చేతిలో ఉన్నాయి, అన్నిటిమీదా మీ సంతకం. మన చేతిలో మీ నోటిమాట. కంచే చేను మేసిందంటే ఇదేనమ్మా." లాయరమ్మ నిట్టూర్చింది. "మీతో కలిసి ఉండి, కళ్ళారా చూసినవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఉంది. ఒక్కతే ఉంది.

మేనకోడలు. తమ్ముడి పెద్దకూతురు. కాలేజీలో చదువుకున్నన్నాళ్ళూ వాళ్ళింట్లోనే ఉంది. వెనక గదిలో ఆ దొంగమంచం మీద పడుకున్న మనిషి ఆ పిల్లొక్కతే. దానికి మొదటి పరీక్ష తప్పినప్పుడు ముఖం కడిగి, అన్నం తినిపించింది టైలరమ్మే. నర్సత్తా, సూదత్తా అని పిలిచేది ఇద్దర్నీ. ఇప్పుడు పెళ్ళయి, ఒక కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తోంది.

టైలరమ్మ వెళ్ళేసరికి మేనకోడలు ఒక ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి వేస్తూ "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడుగుతోంది. ఆయన అన్నిటికీ బాగుందంటున్నాడు. టైలరమ్మని చూడగానే పిల్ల ముఖం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. ముసలాయన్ని పంపేసి వచ్చి, వెనకవైపు గదిలోకి తీసుకెళ్ళింది. గోడలకి అక్షరాల చార్టులు, బల్లమీద బుల్లి స్క్రూలు.

"ఎలా ఉన్నావ్ సూదత్తా? తింటున్నావా సరిగ్గా?"

"తింటున్నాలే. ఎందుకొచ్చానో తెలుసుగా."

"నాన్న నోటీసు పంపాడని తెలుసు. వద్దని చెప్పాను. నా మాట ఎక్కడ వింటాడు?"

"ఆయన మాట వదిలెయ్. నువ్వు కోర్టుకొచ్చి ఒక్క ముక్క చెప్పాలే. అబద్ధమేమీ వద్దు. చూసింది చెప్పు, చాలు."

పిల్ల స్క్రూడ్రైవరు తీసుకుని బాగానే ఉన్న కళ్ళజోడొకటి బిగించడం మొదలుపెట్టింది.

"ఏం చూశాను నేను?"

"అదేమిటే?"

"కాలేజీలో చేరిన వారం నర్సత్త నన్ను కూర్చోబెట్టి నేర్పించింది, గుర్తుందా? 'ఆవిడెవరే?' అంటే 'అద్దెకుంటారు.' 'మరి మీ వంటింట్లో ఉందేం?' అంటే 'గ్యాసయిపోయిందట.' 'మీ అత్తకి తలనూనె రాస్తోందేం?' అంటే 'చెయ్యి నొప్పి, డబ్బులిచ్చి రాయించుకుంటోంది.' తప్పు చెప్తే మళ్ళీ మొదట్నుంచి అడిగేది. నువ్వు మిషను మీద కూర్చుని ఒకటే నవ్వు. నాకు నవ్వు రాలేదు అత్తా. ఫ్రెండ్సుని ఒక్కరోజు ఇంటికి పిలవలేదు. ఎక్కడ తప్పు చెప్తానోనని."

టైలరమ్మ బల్లమీది బుల్లి స్క్రూలు ఒకచోటికి చేర్చింది.

"మీకు నా మీద ప్రేమ ఉంది, కాదనను. నాకూ ఉంది. కానీ ఆ మాట నోట్లోంచి రాకుండా మీరిద్దరే కుట్టేశారు. ఇప్పుడు జడ్జి ముందు విప్పమంటే ఎలా? మా అత్తగారికి తెలిస్తే నా సంగతేంటి? మా తమ్ముడికి సంబంధం చూస్తున్నారు. వాళ్ళకి తెలిస్తే?"

"అంటే నువ్వు రానంటావ్."

"నాన్న లాయరు కూడా నన్ను సాక్షిగా రమ్మంటున్నాడు" అంది పిల్ల, తలెత్తకుండా. "వస్తే నేర్పిందే చెప్తాను అత్తా. నాకు అదొక్కటే వచ్చు."

ఏడ్చింది కూడా, పాపం. టైలరమ్మకి దాని మీద కోపం రాలేదు. రావాలని చాలా ప్రయత్నించింది. దాని కళ్ళు తుడిచి, "నేను మాత్రం చెప్పేస్తానే. దేనికీ భయపడను. అన్నీ చెప్పేస్తాను" అని బయటపడింది. దారి పొడుగునా ఆమెకి కోపం వచ్చింది పెద్దనర్సు మీద. చచ్చిపోయినవాళ్ళ మీద కోపం తెచ్చుకుంటే తీర్చుకునే దారి ఉండదు. ఇంటికొచ్చి ఆ వెనక గది మంచం మీద దిండు తీసి అవతల పారేసింది. తరవాత తనే వెళ్ళి తెచ్చుకుంది.

టైలరమ్మ కోర్టులో అన్నీ చెప్పేస్తానందని మేనకోడలు తండ్రికి చెప్పినట్టుంది. వారం తిరక్కుండా అవతలి లాయరు దగ్గర్నుంచి లాయరమ్మకి ఫోను. కూర్చుని మాట్లాడుకుందామట, రాజీకొద్దామట.

"భయపడ్డారు" అంది లాయరమ్మ, కళ్ళు మెరుస్తుంటే. "మన దగ్గర రుజువేమీ లేకపోయినా మాట ఉంది. కోర్టులో అన్న మాట గాల్లో పోదు, రికార్డుకెక్కుతుంది. వాళ్ళ భయం అది. మీరు ఏమీ తొణక్కండి."

రాజీ గది కోర్టు వెనక భాగంలో ఉంది. పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఒకదానికొకటి పొంతనలేని కుర్చీలు, మధ్యలో నీళ్ళ జగ్గు, గ్లాసులు మాత్రం రెండే. ఒకవైపు తమ్ముడూ, అతని లాయరూ. ఇటు టైలరమ్మా, లాయరమ్మా. తమ్ముడు మనిషి చిక్కాడు. అక్కంటే ప్రాణం అతనికి. అదొక్కటి అబద్ధం కాదు.

అవతలి లాయరు గొంతు సవరించుకున్నాడు. "మా వాళ్ళు మనసున్నవాళ్ళు. పోయినావిడకి సేవ చేసిన మనిషిని రోడ్డు మీద..."

"నేను అద్దెకున్నదాన్ని కాదు" అంది టైలరమ్మ.

లాయరమ్మ బల్ల కింద ఆమె మోకాలు మీద చెయ్యి వేసింది. టైలరమ్మ ఆగలేదు.

"ఒక్కనాడూ కాదు. ఆ కాగితాలన్నీ ఉత్తివి. ఆవిడా నేనూ కాపురం చేశాం. నీకు తెలీదు బాబూ, ఎవరికీ తెలీకుండా బతికాం. ఇప్పుడు చెప్తున్నాను, విను."

చెప్పేసింది. పాతికేళ్ళు కడుపులో మోసిన మాట బయటపడింది, గదిలో ఏమీ కూలలేదు. పంకా తిరుగుతూనే ఉంది. ఆమె తమ్ముడి వైపు చూసింది, అతని ముఖం మాడిపోతుందేమోనని, లేచి అరుస్తాడేమోనని. అతను జగ్గులోంచి నీళ్ళు పోసుకుని తాగాడు.

"తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"అన్నీ తెలుసు. ఇల్లు కొన్నప్పట్నుంచీ తెలుసు. అమ్మకి మాకంటే ముందు తెలుసు. పోయే ముందు నన్ను పిలిచి, దాన్ని ఏమీ అడక్కురా, దాని బతుకు దాన్ని బతకనీ అంది. మా ఆవిడకి తెలుసు. మీ వీధి చివర పాలబూతు వాడికి తెలుసు. మీరిద్దరూ రసీదులు రాసుకుంటుంటే మేము నవ్వుకునేవాళ్ళం కూడా కాదు, జాలేసేది."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని సామెత. పిల్లి సంగతి సరే, చుట్టూ నిలబడి పాతికేళ్ళపాటు చూస్తూ, చూడనట్టు నటించినవాళ్ళకి సామెత లేదు. టైలరమ్మ ఒక్కొక్కటే లెక్కేసుకుంది. ఎవరి కోసం ఆ ఫోటోల మధ్య మూడో మనిషి? ఎవరికి భయపడి ఆ ఉత్తరాలు చింపారు? ఎవరూ అడగని ప్రశ్నకి ఓ కాలేజీ పిల్ల చేత జవాబులు బట్టీ పట్టించారు. ఆస్పత్రి తలుపు దగ్గర తను ఎవరి దగ్గర దాచింది? తెలిసినవాడు వచ్చి లోపలికెళ్ళాడు, తను బయట కూర్చుంది.

"తెలిసి నన్ను వరండాలో కూర్చోబెట్టావా?" అంది.

తమ్ముడు తల దించుకున్నాడు. "నువ్వే చెప్పావట కదా, అద్దెకున్నానని. నేను కాదనడమెందుకు అనుకున్నాను."

"తెలిసి నోటీసెలా ఇచ్చావ్?"

"తెలిసింది వేరు, రాసుంది వేరు. రాసింది మీరే." తరవాత గొంతు తగ్గించాడు. "మా వాడికి సంబంధం కుదిరేలా ఉంది. షాపుకి నలుగురూ వస్తారు. తెలిసినా ఎవడూ నోటితో అనడు, ఆ మర్యాద నడుస్తోంది. నువ్వు కోర్టులో అన్నావనుకో, ఆ మర్యాద పోతుంది. ఇల్లు నేను మింగాలని కాదు."

అతని లాయరు కాగితం ముందుకు జరిపాడు. షరతులు మంచివే. వీలునామా మీద తగువు మానేస్తారు. టైలరమ్మ బతికున్నన్నాళ్ళూ ఇల్లు ఆమెదే, ముందు గదిలోని కుట్టుషాపు ఆమెదే, ఎవరూ కదపరు. ఆమె తరవాత తమ్ముడి పిల్లలకి. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆమె ఇల్లు ఆమెకే ఇస్తున్నాడు. బదులుగా ఆమె ఒక్క పేరా ఒప్పుకుని సంతకం పెట్టాలి. పోయినావిడకీ తనకీ ఇంటి యజమానికీ అద్దెదారుకీ ఉండే సంబంధం తప్ప మరే సంబంధమూ లేదనీ, ఉందని ఇకపై ఎక్కడా ఎవరితోనూ అననీ.

టైలరమ్మ చదివింది. అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఇల్లు మీ పిల్లలకే రాసుకోండి" అంది. "నా తరవాత కాదు, ఇప్పుడే రాసుకోండి. నేను ఎక్కడైనా గది చూసుకుంటాను, మిషను పట్టేంత ఉంటే చాలు నాకు. ఈ పేరా కొట్టేసి, ఆవిడకి నేనేమవుతానో అక్కడ ఒక్క ముక్క రాయించు. నీ చేత్తో సంతకం పెట్టు. ఎవరికీ చూపించను. పెట్టెలో పెట్టుకుంటాను."

లాయరమ్మ ఆమె వైపు తిరిగి చూసింది. అవతలి లాయరు, ఇదేదో బేరం ఎత్తు కాబోలని అనుమానంగా చూశాడు. తమ్ముడికి మాత్రం అర్థమైంది. అతని కళ్ళు ఎర్రబడ్డాయి.

"అక్కా" అన్నాడు. పాతికేళ్ళలో ఆమెని అలా పిలవడం అదే మొదలు. "ఇల్లు అడుగు, ఇస్తాను. అది అడక్కు."

"ఎందుకు?"

"అది రాస్తే, మేమంతా తెలిసి నీకేం చేశామో కూడా రాసినట్టే కదా."

లాయరమ్మ వంగి ఆమె చెవిలో చెప్పింది. "కాదంటే కోర్టుకెళ్దాం. నేను సిద్ధమే. కానీ వినండి. ఏళ్ళు పడుతుంది. ఆ పిల్ల వాళ్ళ తరఫున నిలబడుతుంది. మీ ఇద్దరి పడకగది గురించి అడుగుతారు, నలుగురి ముందు. ఈలోగా మీ కుట్టుషాపుకి తాళం వేయిస్తారు. గెలుస్తామని మాటివ్వలేను. మీ ఇష్టం."

టైలరమ్మ కాగితం వంక చూస్తూ కూర్చుంది. పెద్దనర్సు ఇక్కడుంటే ఏమనేది అని ఆలోచించింది. ఆలోచించక్కర్లేకుండానే తెలుసు. ఆ గొంతు, ఆ విసురు, అన్నీ తెలుసు. 'సంతకం పెట్టవే మొద్దూ. ఇల్లు దక్కుతోంది, ఎవరూ ఏమీ అడగరు, ఇంకేం కావాలి?' అనేది. తన మీద బెంగతోనే అనేది. ఆ బెంగతోనే ఒప్పందాలు రాయించింది, ఆ బెంగతోనే చింపింది, అతికించింది. ఇంత ప్రేమించిన మనిషి ఒక్కసారి, ఒక్క మనిషి ముందు, ఇది నాది అని చెప్పకుండా పోయింది. చెప్పనివ్వకుండా పోయింది.

పోనీ, తను చెప్పింది కదా. ఈ గదిలో చెప్పింది. విన్నవాళ్ళు ముందే తెలుసన్నారు.

అరవై దాటిన మనిషి. చూపు మందగిస్తోంది, సూదిలో దారం ఎక్కించడానికి రెండుమూడుసార్లు తడుముకుంటోంది. వీధిలో వాళ్ళంతా ఆమె దగ్గరే కుట్టించుకుంటారు. కొత్త వీధిలో ఎవరొస్తారు? ఆ ఇంట్లో వంటగట్టు ఆమె మోచేతి ఎత్తున ఉంది. ఇవన్నీ నిజాలే. వీటి ముందు ఒక్క ముక్క ఎంత? చాలా ఎక్కువని తెలిసి కూడా కలం తీసుకుంది. సంతకం చెయ్యి వణక్కుండా పడింది. అంత అలవాటు ఆ చేతికి.

అవతలి లాయరు కాగితం అందుకుని ఊదాడు, సిరా ఎప్పుడో ఆరినా. తమ్ముడు లేచి, బల్ల చుట్టూ తిరిగి ఆమె దగ్గరికొచ్చాడు. చేతులు పట్టుకున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు, ఏదో పెద్ద బరువు దిగినట్టు.

"మంచి పని చేశావక్కా. ఇల్లు నీకే ఉంది. మా అక్క ఉంటే ఎంత సంతోషించేదో."

టైలరమ్మ అతని చేతుల్లోంచి తన చేతులు మెల్లగా తీసుకుంది.

"అవును, సంతోషించేది" అంది. "నా ఏడుపంతా అదే బాబూ."